కిటికీ పక్క సీట్లో తేనెటీగల పెట్టె

మొన్న గురువారం మధ్యాహ్నం తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చిన బస్సులో మీరుగాని ఉంటే, ముందు నన్ను క్షమించండి. మీకేం కాలేదు, నిజమే. కాని ఆ గంటన్నరలో నాకు మాత్రం పదేళ్ళ ఆయుష్షు తగ్గింది. తీరా చూస్తే నేను భయపడాల్సిన చోటు ఆ బస్సే కాదు!

మొదట్నించీ చెప్తాను. డిగ్రీ అయిపోయిన దగ్గర్నుంచి నేను ఏదో ఒక బిజినెస్ ప్లాన్ వేస్తూనే ఉంటాను. ఈ ఏడాది తేనెటీగల వంతు. రెండు రోజులు ట్రైనింగుకి వెళ్ళొచ్చి ఒక పెట్టె కొన్నాను. ఏలూరు పక్కన వట్లూరులో మేముండేది మూడో అంతస్తు. అందుకని ఆ పెట్టెని తాడేపల్లిగూడెంలో మా పిన్ని పెరట్లో, మునగచెట్టు కింద, సరిగ్గా బాత్రూం గుమ్మం పక్కన పెట్టాను.

"కుడితేనో?" అంది పిన్ని.

"మనం వాటి జోలికి వెళ్ళకపోతే అవి మన జోలికి రావు పిన్నీ" అన్నాను, ట్రైనింగులో విన్నది విన్నట్టు.

ఇంతలో వట్లూరు దగ్గర జామతోట ఉన్న రైతుగారొకరు ఫోన్ చేశారు. "గురువారం సాయంత్రం ఒక పెట్టె తెచ్చి చూపించండి. పూత మీద బాగా వాలితే తోటంతా మీ పెట్టెలే పెట్టిద్దాం" అన్నారు. నా మొదటి ఆర్డరు! ఆ రాత్రి నాకు నిద్రెక్కడిది? ఒక పెట్టె రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిది... తెల్లారేసరికి కొల్లేటి గట్టుదాకా నా పెట్టెలే.

పెట్టె చోటు మార్చాలంటే చీకటి పడ్డాకే మార్చాలని ట్రైనింగులో చెప్పారు. ఎందుకో కూడా చెప్పే ఉంటారు. అప్పుడు నేను ఫోన్లో లాభాలు గుణించుకుంటున్నాను. ఎండకి తట్టుకోలేవు కాబోలు, బస్సులో నీడే కదా అనుకున్నాను.

అంచేత పట్టపగలు పదకొండింటికి పెట్టె ద్వారంలో స్పాంజి ముక్క కుక్కి, చుట్టూ తాడు బిగించి, పిన్ని ఇచ్చిన ఎర్ర జాకెట్టు గుడ్డ పైన కప్పాను. ఎత్తితే అనుకున్నదానికన్నా తేలిగ్గా ఉంది. నాకే బలం వచ్చిందనుకున్నాను.

"పిన్నీ, వెళ్ళొస్తా!"

"చేరాక ఫోన్ చెయ్యవే!" అంది పిన్ని బాత్రూంలోంచి. ఫోన్లో భక్తి పాటలు పెట్టుకోనిదే మా పిన్ని స్నానం చెయ్యదు.

బస్సెక్కాను. కండక్టరు గారు వచ్చారు. ఆడవాళ్ళకి ఫ్రీ కాబట్టి నాకు జీరో టిక్కెట్టు కొట్టి, పెట్టె వైపు చూశారు.

"అదేంటండీ?"

నిజం చెబితే దింపేస్తారు. ఎర్ర గుడ్డ కనిపించింది. నోట్లోంచి వచ్చేసింది.

"దేవుడి మందిరమండీ."

"అయ్యో, దేవుడికి లగేజీ టిక్కెట్టేం కొడతానండీ, ఉండనివ్వండి" అని ఆయన ముందుకెళ్ళిపోయారు.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ గబుక్కున లేచి నిలబడ్డారు. "దేవుణ్ణి కింద పెడతారేంటమ్మా! ఇలా పెట్టండి" అంటూ తన సీటే ఇచ్చేసి, వెనక సీట్లోకి వెళ్ళారు. పెట్టె కిటికీ పక్కన. పెట్టె పక్కన నేను. అంతేనా? ఆవిడ సంచీలోంచి మల్లెపూలు తీసి, ఒక మూర తెంపి, పెట్టె మీద పెట్టి కళ్ళకద్దుకున్నారు.

తేనెటీగల పెట్టె మీద మల్లెపూలు!

ఉంగుటూరు వచ్చేసరికి బస్సు కుదుపులకి పెట్టె మోగడం మొదలెట్టింది. మ్మ్మ్మ్... వెనకావిడ చెవులు రిక్కించారు. "ఏవండీ, మందిరంలోంచి ఓంకారం వినిపిస్తోందండీ!" అన్నారు. చుట్టుపక్కల నాలుగైదు తలలు ఇటు తిరిగాయి. ఒకాయన చెప్పులు కూడా విప్పేశారు.

నాకు భయమేస్తే లెక్కలొస్తాయి. పెట్టెలో ఉన్న ఈగల్ని బస్సులో ఉన్న జనంతో భాగించాను. జవాబు చూశాక ఆ భాగహారం చెయ్యకుండా ఉండాల్సింది అనిపించింది. వెనకావిడకి షుగరుంటే? మూడు సీట్ల అవతల చంటిపిల్లవాడున్నాడు, వాడి వాటా ఎవరు తీసుకుంటారు? బయట చేపల చెరువులు కనిపిస్తే అందరం దూకేయొచ్చు అని ధైర్యం తెచ్చుకున్నాను. నాకు ఈత రాదని వెంటనే గుర్తొచ్చింది.

ఆ టైములో నా ఫోన్ వణికింది. పిన్ని. ఫోన్ వణుకుడుకి ఈగలు ఎక్కడ రెచ్చిపోతాయోనని కట్ చేశాను. మళ్ళీ పిన్ని. మళ్ళీ కట్. మూడోసారి స్విచాఫ్ చేసేశాను. చేరానా లేదా అని ఇంత కంగారా?

పక్క వరసలో పంచె కట్టుకున్న పెద్దాయన ఉన్నారు. రిటైరైన తెలుగు మాస్టారట. "ఓంకారమా? ఏదీ, నన్ను విననివ్వండి" అంటూ లేచొచ్చి, నేను వద్దనేలోపే పెట్టెకి చెవి ఆనించారు. కళ్ళు మూసుకున్నారు.

మెల్లిగా కళ్ళు తెరిచి, నాకు మాత్రమే వినపడేట్టు అన్నారు. "ఇది ఓంకారం కాదమ్మా. ఝంకారం."

సరిగ్గా అప్పుడే స్పాంజి పక్కనుంచి ఒక ఈగ బయటికొచ్చింది. మల్లెల మీదికెక్కింది. అక్కణ్ణుంచి ఎగిరి మాస్టారి కళ్ళజోడు మీద వాలింది.

"మాస్టారూ, కదలకండి" అన్నాను.

ఆయన కదల్లేదు. పెదాలు మాత్రం కదిలాయి. "నలభై ఏళ్ళు పాఠం చెప్పానమ్మా. పద్యాల్లో తుమ్మెద ఎన్నిసార్లు పూల మీద వాలిందో! ఒక్క కవీ ముక్కు మీద వాలితే ఏం చెయ్యాలో రాయలేదు."

ఈగ అద్దం మీంచి ముక్కు మీదికి దిగింది. నేను స్పాంజిని వేలితో అదిమి పట్టుకున్నాను. లోపల్నుంచి ఆ వేలికి సన్నని వణుకు తగులుతూనే ఉంది. వెనకావిడ "ఏమంటున్నారండీ, దేవుడు మాట్లాడుతున్నాడా?" అని వంగబోయారు. మాస్టారు చెయ్యెత్తి "ష్, ధ్యానం" అన్నారు. బస్సంతా నిశ్శబ్దం!

భీమడోలు దాటాక గాలి గట్టిగా కొట్టింది. ఈగ లేచి, కిటికీలోంచి కొల్లేరు వైపు వెళ్ళిపోయింది. మాస్టారు కూలబడి, కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఏలూరు దాకా ఎవరికీ చెప్పలేదు మహానుభావుడు. దిగేటప్పుడు మాత్రం, "తుమ్మెద పద్యాలు ఇకమీద కాస్త దూరంగా కూర్చుని చదువుకుంటానమ్మా" అన్నారు.

ఒక్కరినీ ఒక్క ఈగా కుట్టలేదు! గెలిచాననుకుని బస్టాండులో ఫోన్ ఆన్ చేశాను. పిన్ని మిస్డ్ కాల్స్ వరదలా వచ్చి పడ్డాయి.

"పిన్నీ, చేరిపోయాను. ఎక్కడున్నావు?"

"బాత్రూంలో."

"ఇంకానా!"

"నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ ఇక్కడే ఉన్నానే! తలుపు తీస్తే చాలు, గుయ్యిమని ముఖం మీదికొస్తున్నాయి. నువ్వు తీసుకెళ్ళింది ఈగల్నా, ఉత్త పెట్టెనా? సగం ఈగలు ఇక్కడే తిరుగుతున్నాయి!"

అప్పుడు వెలిగింది నాకు. పగలు ఈగలు ఇంట్లో కూర్చుంటాయా? పొద్దున్నే తేనెకి వెళ్ళినవి వెళ్ళాయి. తిరిగొచ్చి చూస్తే ఇల్లే లేదు! చీకటి పడ్డాకే మార్చమన్నది అందుకూ! నేను అంత భయపడి చేసిన భాగహారంలో పై సంఖ్యే తప్పు.

"మనం వాటి జోలికి వెళ్ళకపోతే అవి మన జోలికి రావన్నావు కదే. నేను స్నానానికొచ్చానే, వాటి జోలికి రాలేదే!" అని పిన్ని అవతల అరుస్తోంది.

జామతోట రైతుగారికి ఫోన్ చేసి, ఈరోజు కుదరదండీ అన్నాను. "ఏం, ఈగలు రాలేదా?" అన్నారాయన నవ్వుతూ. సగం రాలేదండీ అని ఎలా చెప్పను?

పెట్టెని అదే చోట పెడితే తప్ప, సాయంత్రానికి అవి గూటికి చేరవు. పిన్ని బయటికి రాదు. గూడెం వెళ్ళే బస్సెక్కాను. అదే బస్సు. అదే కండక్టరు గారు.

ఎర్ర గుడ్డ వైపు చూసి ఆయన గుర్తుపట్టేశారు. "అదేంటమ్మా, దేవుణ్ణి అప్పుడే వెనక్కి తీసుకెళ్ళిపోతున్నారా?"

ఈసారి ఆలోచించకుండానే నోటికొచ్చింది.

"భక్తులు సగంమంది గూడెంలోనే ఉండిపోయారండీ. మా పిన్నిని బాత్రూంలోంచి బయటికి రానివ్వట్లేదు."