రెండు గాజుముక్కల గ్రాఫు

ప్రొఫెసర్ రామమోహనరావు ల్యాబ్‌లోకి వస్తే జయశీలకి ముందు సెంటు వాసన తగిలేది, ఆ వెంటనే ఒళ్ళు మండేది. నరసాపురం నుంచి దేశ రాజధానిలో వసంత్ కుంజ్ పక్కనున్న యూనివర్సిటీకి పీహెచ్‌డీ చెయ్యడానికొచ్చిన కొత్తలో, తన గైడైన ఆయన్ని మహానుభావుడనుకుంది. ఆ భ్రమ మొదటి చలికాలం కూడా దాటలేదు. వాక్యూమ్ పంపు ఆన్ చెయ్యడమే రాని మనిషి, ప్రతి పేపరు మీదా తన పేరు మాత్రం మర్చిపోయేవాడు కాదు.

ఆమె పని గాజు మీద జింక్ ఆక్సైడ్ పూత వెయ్యడం. గాలి తీసేసిన ఛాంబర్‌లో ఆర్గాన్ అయాన్లు జింక్ ఆక్సైడ్ బిళ్ళని ఢీకొడితే, రాలిన పరమాణువులు గాజు మీద పొరగా పేరుకుంటాయి. ఆ పొర తేటగా ఉండాలి, కరెంటునీ పారనివ్వాలి. పల్చగా వేస్తే వెలుతురు బాగా దూరేది, కరెంటు మొరాయించేది. మందంగా వేస్తే కరెంటు పారేది, గాజు మసకబారేది.

గురుగ్రామ్‌లోని ఒక స్క్రీన్ల కంపెనీకి చూపించడానికి ఆయన తయారుచేసిన గ్రాఫు చూసి జయశీల నిర్ఘాంతపోయింది.

"సార్, వెలుతురు లెక్క పల్చటి ముక్కది, కరెంటు లెక్క మందంగా ఉన్నదాన్ది. రెండూ కలిపి ఒకటే ఫిల్మ్ అని రాసేశారేంటండీ?"

"ఎవరు చూడొచ్చారమ్మా? వాళ్ళకి రంగుల స్లైడు కావాలి. నువ్వు పక్కన నిలబడు, చాలు."

కంపెనీ మీటింగులో అలాగే నిలబడింది. ఆయన దేశాన్ని ఉద్ధరిస్తున్నట్టు ఉపన్యాసం దంచాడు. చివర్లో ఇషిత అనే కంపెనీ ఇంజనీరు, "అచ్ఛా సర్, ఈ రెండూ ఒకే శాంపిల్ మీద కొలిచారా?" అని అడిగింది.

ఆయన తడుముకోలేదు. "కొలిచింది మా అమ్మాయే. చెప్పమ్మా!"

తప్పుని తన మెడకి చుట్టడానికి ఎంత తేలిగ్గా సిద్ధపడ్డాడు! ఈ మనిషికా తను ఇన్నాళ్ళూ భయపడింది?

"కాదు మేడమ్, వేర్వేరు ముక్కలు. ఒకే ముక్కలో రెండూ మాకింకా రాలేదు," అంది జయశీల.

కంపెనీవాళ్ళు మర్యాదగా సాగనంపారు. క్యాబ్‌లో ఆయన పళ్ళు నూరాడు. "తెలుగు పిల్లవి కదా అని చేరదీస్తే..."

"మీరూ తెలుగువారేనని నాకే సిగ్గుగా ఉందండీ," అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

గైడ్‌ని మార్చుకోవడానికి డిపార్ట్‌మెంట్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. కొత్త గైడ్ దగ్గర సగం పని మళ్ళీ మొదటినుంచి చేసింది. ఆయనకేమీ కాలేదు. అదే గ్రాఫు ఇంకో సభలో చూపించి శాలువా కప్పించుకున్నాడు.

క్యాంటీన్‌లో రూమ్మేట్ శ్రుతి ఫోన్‌లో ఆ శాలువా ఫొటో చూపించింది. "నోరు మూసుకుని ఉంటే నువ్వూ ఇందులో ఉండేదానివి కదే!"

"ఆయన పక్కనా? ఛీ!" అని జయశీల పరాఠా తుంచుకుంది.