దానమ్మ గుమ్మం మీద తారు

నరసన్నపేటలో మా వీధి మీదుగా పోయే పెద్ద రోడ్డును వెడల్పు చేసిన ఏడాది అందరి ఇళ్లూ ముందువైపు కొంచెం కొంచెం పోయాయి. దానమ్మ ఇంటికి మాత్రం గుమ్మం, అరుగు, ముందుగది మొత్తం తారు కిందకి వెళ్లిపోయాయి. మిగిలింది వంటగదీ పెరడూను. ఇంకెవరైనా అయితే వంటగదికే ఓ కొత్త తలుపు పెట్టించుకుని, రెండు రోజులు ఏడ్చి, ఊరుకుందురు. దానమ్మ ఊరుకునే మనిషి కాదు. మొగుడు పోయాక అట్లు పోసి అమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని అత్తవారిళ్లకి పంపింది గానీ ఒకరి చేత మాట పడలేదు. రోడ్డు చేత పడుతుందా?

ఆవిడ పాత ఇంట్లోనే కాపురం చేసింది. తెల్లారగానే రోడ్డు మీద కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, గడప ఉండిన చోట తారుకి పసుపు రాసేది. మధ్యాహ్నానికి ఆ ముగ్గు లారీ చక్రాలకి అంటుకుని ఇచ్ఛాపురం పోయేది. అట్ల కోసం వెళ్లినవాళ్లు దగ్గర దారి కదా అని పక్కనుంచి నేరుగా పొయ్యి దగ్గరికి వెళితే గరిటె చూపించేది.

“గోడలోంచి వస్తన్నావేటి? గుమ్మంలోంచి రా.”

అప్పుడు మళ్లీ రోడ్డెక్కి, వచ్చే లారీని తప్పించుకుని, లేని గుమ్మంలోంచి తల వంచుకుని లోపలికి రావాలి. పాత గుమ్మం పొట్టిది మరి. ఆ అట్ల రుచి అలాంటిది కాబట్టి అందరం చచ్చినట్టు తల వంచేవాళ్లం.

సాయంత్రాలు మా కుర్రకారంతా ఆ అరుగు ఉండిన చోటే రోడ్డు వారగా చేరేవాళ్లం. రైసుమిల్లులో పనిచేసే సోములు, విజయనగరంలో కాలేజీ చదువు వెలగబెట్టి వచ్చిన అనంతపద్మనాభం, నేను, ఇంకో పదిమంది. మాటలన్నీ మా వీధులు ఒకప్పుడు ఎలా ఉండేవన్న దాని మీదే. పోయినదాన్ని కొలిచి చూసేవాడు ఉండడు కదా, ఎవడి నోటికి వచ్చినంత వాడిది. దానమ్మ అరుగు నిజానికి నలుగురు ఇరుక్కుని కూర్చునేంత. వానాకాలం వచ్చేసరికి మా కబుర్లలో దాని మీద పెళ్లి బంతులు లేచాయి. వంటగదిలోంచి దానమ్మ అన్నీ వినేది. ఒక్కసారీ కాదనలేదు. ఆవిడకీ బాగానే ఉండేదేమో.

ఇంతలో అమ్మవారి పండగ వచ్చింది. పండగకి ముందు అమ్మవారిని నిలిపిన కుండ, ఘటం, వీధి వీధికీ తిరుగుతుంది. మా వీధిలో మొదట ఆగేది దానమ్మ గడప ముందే. ఘటం ఎత్తుకున్న మనిషి కాళ్ల మీద పసుపునీళ్లు పోసి, చల్లది పెట్టడం, అంటే పెరుగన్నం నివేదించడం, ఆ ఇంటి కోడలి హక్కు. ఊరిపెద్ద జగన్నాధం ఈసారి అది కుదరదన్నాడు. ఘటం గడపల ముందు ఆగుతుంది గానీ తారురోడ్ల ముందు ఆగదట. మొదటి చల్లది పక్కింటి నరసింగరావుది అన్నాడు. నరసింగరావు కొత్త సిమెంటింటికి గడప ఎంత ఎత్తున పెట్టించాడంటే, వాళ్లమ్మని ఇద్దరు పట్టుకుని దాటించాలి.

ఆ రోజు దానమ్మ పొయ్యి వెలిగించలేదు.

“మా అత్త పోతా పోతా నా సేతిలో ఎట్టిన పని ఇదొక్కటేరా,” అంది మాతో. “ఇల్లు పోతే పోయింది. ఇది కూడా లాగీసుకుంటే, ఈ ఈదిలో నానెవుల్ని?”

మేము వెళ్లి జగన్నాధం కాళ్లావేళ్లా పడ్డాం. చివరికి ఆయన మెత్తబడి, గడప ఎక్కడుండేదో సాక్షులు చూపిస్తే ఘటం అక్కడ ఆపిస్తానన్నాడు. సాక్షులకేం కొదవ, రోజూ అదే పని చేస్తున్నవాళ్లమాయె. సోములు వెళ్లి రోడ్డు నడిమధ్యన నిలబడ్డాడు. అనంతపద్మనాభం వాణ్ణి వెర్రివాణ్ణి చూసినట్టు చూసి, రోడ్డు దాటి, అవతల సైకిల్ షాపు ముందు నిలబడ్డాడు. నేను రోడ్డుకి ఇవతలి వారన కల్వర్టు దగ్గర నిలబడ్డాను. ఒకడూ అబద్ధమాడలేదు. చెప్పి చెప్పి ఎవడి గడప వాడికి కళ్లకి కట్టింది, అంతే.

ఇంక దానమ్మనే అడిగారు. ఆవిడ పొద్దున పసుపు రాసిన చోటు చూపించింది. అది వంటగది గోడకి ఆనుకుని ఉంది. లారీలకి భయపడి రోజుకి కాస్త చొప్పున లోపలికి జరుపుకుంటూ వచ్చిందని అప్పుడు గానీ మాకు తెలియలేదు, ఆవిడకీ తెలియలేదు.

“ఘటం కన్నా గడపే ఎక్కువ తిరుగుతున్నాది,” అనేసి జగన్నాధం వెళ్లిపోయాడు.

ఘటం వచ్చే రోజు దానమ్మ స్నానం చేసి, పసుపునీళ్లు కలుపుకుని, చల్లది కుండ పట్టుకుని వంటగది పక్కన నిలబడింది. ఎవరూ రమ్మనలేదు. డప్పులు దగ్గరయ్యాయి. సోములు వెళ్లి, తను చూపించిన చోటే రోడ్డు మీద చతికిలబడ్డాడు. అనంతపద్మనాభం తన చోట కూర్చున్నాడు, నేను నా చోట. మధ్యలో ఖాళీల్లోకి మిగతా కుర్రాళ్లు వచ్చి చేరారు. ఈ చివర నుంచి ఆ చివరకి రోడ్డంతా నిండింది. అటు లారీలు, ఇటు బస్సులు ఆగిపోయాయి.

ఘటం ఎత్తుకున్న లక్ష్మణమ్మ మా దాకా వచ్చి ఆగింది. అమ్మవారిని నెత్తిన పెట్టుకుని మనుషుల్ని దాటకూడదు. ఇదేం పనని జగన్నాధం అడిగాడు. ఇంతలో వెనకనుంచి దానమ్మ వచ్చింది, తల వంచుకుని గుమ్మం దాటుకుంటూ. మమ్మల్ని చూసి కసిరింది.

“గడప మీద కూకున్నారేటర్రా, కొంపకి దరిద్రం? లెగండి, అమ్మోరొచ్చీసింది.”

అందరం ఒక్కసారిగా లేచి పక్కకి తప్పుకున్నాం. దానమ్మ వంగి లక్ష్మణమ్మ కాళ్ల మీద పసుపునీళ్లు పోసింది. సగం తన చీర మీదే పడ్డాయి. చల్లది అందించబోతుండగా వెనక లారీవాడెవడో పొడుగ్గా హారన్ కొట్టాడు. జగన్నాధం గిరుక్కున వాడి వైపు తిరిగాడు.

“ఎవులింటి ముందర ఆ గోల?” అన్నాడు. “సల్లది ఎట్టనీ.”