మణికట్టు పట్టుకుని మాట్లాడే ఆంటీ

నన్ను స్మార్ట్‌వాచీ కాపాడిందని మా ఆయన మా ఊరు ప్లెయిన్స్‌బరో అంతా చెప్పుకు తిరుగుతున్నాడు. కొన్నది తను కదా మరి. నేనొప్పుకోను. గుండె లయ తప్పుతోందని వాచీ మూడుసార్లు చెప్పింది. అంతా ఏకాదశి ఉపవాసాల నీరసమేనని మూడుసార్లూ దాని నోరు మూయించాను.

కింది ఫ్లాట్‌లో కూతురి దగ్గరికి ఆరునెలలకని వచ్చిన ఆంటీ దగ్గర మాత్రం నా వాదన సాగలేదు. ఆవిడ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఎవరితో మాట్లాడినా మణికట్టు పట్టుకునే మాట్లాడేది. "నేనేమన్నా పారిపోతానా ఆంటీ?" అని విసుక్కుంటే నవ్వి ఊరుకునేది.

ఆ రోజు వాకింగ్‌లో వాచీ నాలుగోసారి మోగింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, నిమిషంపాటు లెక్కపెట్టింది.

"నాడి తప్పుతోందమ్మా. డాక్టర్ దగ్గరికి పద."

"సాయంత్రం పాట్‌లక్ ఉందాంటీ. తలా ఒకటి వండుకెళ్లాలి, పులిహోర నాది."

"పులిహోర నేను కలుపుతా. నువ్వు కారెక్కు."

ఇంకా అశ్రద్ధ చేసుంటే పక్షవాతం దాకా వెళ్లేదేమో అన్నాడు డాక్టర్. ఇవాళ మాత్రలేసుకుని అందరితో వాదిస్తున్నానంటే ఆవిడ చలవే.

ఆవిడ ఇండియా వెళ్లిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా అడగాలనుకుంటాను, నాకే నోరు పెగలదు. డాక్టర్ దగ్గరికి వెళ్లకముందు వారమంతా నా చెయ్యి వదలకుండా నడిచారే ఆంటీ, మీకప్పుడే తెలిసిందా? తెలిసీ, నా నోటికి జడిసి చెప్పలేదా?