చెప్పేసిన కథ

సెలూన్ నడిపే కథల మామ తెలియనివాళ్లు ఆ వీధిలో లేరు. కత్తెర గాల్లో ఆపి, అద్దంలోంచి కళ్లలోకి చూస్తూ "ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడంటే, పని అయిపోయినవాడు కూడా కుర్చీ దిగడు. ఆయనకేమో తన కథ అచ్చులో చూసుకోవాలని ఆశ. కానీ నోటితో ఒకసారి చెప్పేశాక రాయబోతే ఉత్సాహం చచ్చిపోతుంది, పెన్ను కదలదు. అందుకే ఈసారి, మీసం తీయించుకుని ఇంటికెళ్తే సొంత కుక్కే గుమ్మం ఎక్కనివ్వని పెద్దమనిషి కథను ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. "ఏం మామా, పన్ను నొప్పా?" అని కుర్చీలోవాళ్లు ఆటపట్టించినా వారమంతా నోరు విప్పలేదు.

సెలవు రోజు పొద్దున్నే కాగితాలు ముందేసుకున్నాడు. మొదటి వాక్యం కుదిరింది, రెండోదీ కుదిరింది. తనలో తనే నవ్వుకుంటుంటే, బట్టలు మడతపెడుతున్న భార్య "ఏంటండీ అంత నవ్వు? నాకూ చెప్పొచ్చుగా" అంది. "మొదలు మాత్రమే చెప్తా" అన్నాడు. అది విని ఆమె చేతిలో చొక్కా అలాగే ఆగిపోయింది. "అయ్యో, తర్వాత?" ఆ మాట చెవిన పడితే ఆయన ఆగలేడు. లేచి నిలబడి కుక్కలా మొరిగాడు, పెద్దమనిషిలా గుమ్మం బయట నించుని బతిమాలాడు, చివరికి కుక్క దేనికి తోక ఊపిందో అదీ చెప్పేశాడు. ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ, "ఎంత బాగుందండీ! ఇంక రాసెయ్యండి" అంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఆ రెండు వాక్యాల వంక కాసేపు చూసి, పెన్నుకి మూత పెట్టేస్తూ విసుక్కున్నాడు.

"ఇంకెవరి కోసం రాయనే? నువ్వు వినేశావుగా!"