ఒక్క మగ్గు, మూడు మంచాలు

వనపర్తిలో ఇరవై మంచాల ప్రైవేటు దవాఖానలో నేను మైక్రోబయాలజిస్టుగా పనిచేసిన రోజులవి. మానవపాడు దగ్గరి పల్లె నుంచి ఒక రైతు మహిళ తొడ ఎముక విరిగి చేరింది. ట్రాక్టరు మీది నుంచి పడిందట. కదలలేదు కాబట్టి మూత్రానికి పైపు వేశారు. వేసిన రోజే పరీక్షకు పంపిన మూత్రంలో ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. ఆరో రోజు చలిజ్వరం వచ్చింది. ఈసారి నమూనాను పెంచిన ప్లేటు నిండా ఈ.కోలై అనే బ్యాక్టీరియా. మేము సాధారణంగా వాడే మందులలో ఒక్కటి తప్ప ఏదీ దాన్ని ఆపలేదు.

ఒక ప్లేటు చూసి నేను దేన్నీ నమ్మను. మళ్లీ చేశాను, అదే వచ్చింది. పక్క మంచంలోని పట్టణపు ముస్లిం పెద్దావిడ నమూనాలో వేరే జాతి బ్యాక్టీరియా, క్లెబ్సియెల్లా, కనిపించింది. జాతులు వేరు, కానీ లొంగని మందుల జాబితా మాత్రం ఒక్కటే. అదే నన్ను వార్డులోకి నడిపించింది.

రైతు మహిళకు ఆమె ఆడబిడ్డ తోడుగా ఉండేది. వెంట ఉన్నవాళ్లు తిండికి వెళితే ఆ వరుసలోని మూడు మంచాల మూత్రపు సంచులనూ తనే ఖాళీ చేసేది. పరాయివాళ్ల పని కూడా అడగకుండానే చేసిపెట్టడం మా వైపు వార్డుల్లో మామూలే. ఒకటే ఎర్ర మగ్గు. సంచి మూతి దాని అంచుకు తగులుతూనే ఉంది. మగ్గు అంచు నుంచి తీసిన నమూనాలో రెండు జాతులూ పెరిగాయి.

సంగతి చెబితే ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "మంచి చేస్తే గిట్లయితదా మేడం?" అంది. పక్క మంచం పెద్దావిడ నవ్వింది: "పరేషాన్ కాకు బేటీ. ముగ్గురిది ఒక్క మగ్గుల కలిపినవ్, ఇగ మనం చుట్టాలమైనట్టే."

బ్యాక్టీరియాకూ అలాంటి చుట్టరికమే ఉంది. మందును తట్టుకునే గుణాన్ని అవి పిల్లలకే కాదు, పరాయి జాతికి కూడా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంగా అందించగలవు. ఇక్కడ జరిగింది అదేనని తేల్చే జన్యుపరీక్ష నా దగ్గర లేదు, అందుకే రిపోర్టులో ఆ మాట రాయలేదు. ఒంటి మీది సన్నని నూగుతో అవి మూత్రాశయపు గోడను పట్టుకుంటాయి. పైపు మీద జిగురుపొర కట్టుకుని అందులో దాక్కుంటాయి. పొరలోకి మందు సరిగా చేరదు. అందుకే రిపోర్టు చివర ఒక వాక్యం చేర్చాను: రోగి చేరినప్పుడు ఇది లేదు, వార్డులోనే సోకింది, పైపు తీయాలి.

దవాఖాన యజమాని కూడా అయిన డాక్టరు నన్ను పిలిపించారు. రైతు మహిళ ఆ ఇన్ఫెక్షన్‌ను ఊరి నుంచే తెచ్చుకుందని ఆయన వాదన. పైపు ఉంచి, కిడ్నీలను దెబ్బతీయగల బలమైన ఇంజెక్షను మొదలుపెట్టాలని ఆలోచన.

"మీ పని ప్లేటు చూడడం. ఆ లైను తీసేయండి."

"తీయను సార్. తప్పని చూపించండి, నేనే కొట్టేసి సంతకం చేస్తా."

ఆయన చూపించలేదు. నేను తీయలేదు. రిపోర్టు రోగి చేతికే ఇచ్చాను. ఆమె దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది. ఊరి నుంచి తెచ్చానని అందరూ అంటున్నారు, నిజమేనా అని అడిగింది. కాదన్నాను. మొదటి పరీక్ష కాగితం కూడా చూపించాను, ఆ ఇంజెక్షను వల్ల కిడ్నీలకు ముప్పనీ చెప్పాను.

రౌండ్సుకు వచ్చిన డాక్టరు ముందు ఆమె దుప్పటి సర్దుకుని, గొంతు పెంచకుండానే అంది: "పైపు తియ్యి సారూ. పక్క తడిస్తే మేమే మార్చుకుంటం. కిడ్నీ పోతే నువ్వు మార్చియ్యవు గద."

వార్డంతా వింటోంది. పైపు ఆ పూటే తీశారు. ప్లేటు మీద పనిచేసిన ఆ ఒక్క పాత మందే ఇచ్చారు. జ్వరం మూడో రోజుకు దిగింది, తర్వాతి నమూనాలో ఏమీ పెరగలేదు. తగ్గింది పైపు తీసినందుకా, మందుకా అంటే విడదీసి చెప్పలేను. రెండూ ఒకే పూట జరిగాయి.

డిశ్చార్జి కాగితంలో "ఊరి నుంచి వచ్చిన ఇన్ఫెక్షన్" అని రాసి ఉంది. అది చదివించుకుని ఆమె వేలిముద్ర వేయనంది. ఆ మాట కొట్టేసేదాకా మంచం దిగలేదు.