రిమార్కుల గడిలో నీళ్లు

2019 ఎండాకాలం. చండ్రుగొండ అవతల అడవిలో బొగ్గు కోసం డ్రిల్లింగ్ చేస్తున్నం. నేను జియాలజిస్టును. మిషన్ భూమిలోంచి తీసిన రాతికడ్డీని కోర్ అంటరు. ఏ లోతుల ఏ రాయి పడ్డదో లాగ్ షీట్ మీద రాసుడే నా పని. సముద్రం లేని జిల్లా మాది. బొగ్గు, వెదురు, తునికాకు, ఇసుక, ఏదైనా లారో రైలో ఎక్కి పోవాల్సిందే. ఏది ఎప్పుడు పోవాలో చెప్పేటోళ్లు హైదరాబాదులనో ఢిల్లీలనో ఉంటరు. మేం తవ్వి చూపెట్టేటోళ్లం, అంతే.

నూట ఎనభై మీటర్ల కాడ బొగ్గుకంటే ముందు నీళ్లు తన్నుకొచ్చినయి. మోటార్ లేదు, కరెంటు లేదు, మనిషెత్తు లేచినయి. దీన్ని ఆర్టీసియన్ బోర్ అంటరు. రాతిపొరల నడుమ నొక్కుకుపోయిన నీళ్లకు దారి దొరికితే గట్లనే లేస్తయి. మాకు మాత్రం తలనొప్పి. మిషన్ రెండు రోజులు ఆగింది. ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. చిరాకులో షీట్ మీద ఒక్క ముక్క రాసిన: "నీటి వల్ల పని ఆలస్యం." నీళ్లను గొట్టంతో పక్కకు మళ్లించి పని మళ్ల మొదలువెట్టినం.

పక్క కోయగూడెం ఆడోళ్లు బిందెలతో వచ్చిండ్రు. వాళ్లకు వాగు ఇసుకల తోడుకున్న చెలిమెనే దిక్కు. నీళ్లు ఊరేదాక కూసోని గిన్నెతో ఎత్తి పోసుకోవాలె. ఒక్క బిందె నిండేసరికి పొద్దెక్కుతది. వాళ్లల్ల పెద్దామె ముత్తమ్మ తొలి బిందె నేలమీద పోసి దండం పెట్టింది. రెండోది నెత్తికెత్తుకుంది.

"సారూ, మీకు బొగ్గు గావాలె గదా?"

"అవ్, అవ్వా."

"మరి నీళ్లు మాకిడిసిపెట్టుండ్రి."

నాకు నవ్వొచ్చింది. ఈ అడవిని అంత సుళువుగా ఎవరూ పంచలేదు.

"పని అయినంక బోరు సిమెంటుతో మూయాలె. రూలు గట్లుంది. మూయొద్దని జల్దీ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోండ్రి" అన్న.

వేలిముద్రలేసి పెట్టుకున్నరు. పది రోజులకు బొగ్గు కూడా పడ్డది, పని అయిపోయింది. జవాబు మాత్రం రాలే. మూసేసినం. ముత్తమ్మ సిమెంటు గట్టిపడేదాక అక్కడనే కూసుంది.

నెల రోజులకు ఆ దరఖాస్తు తిరిగి తిరిగి నా టేబుల్ మీదికొచ్చింది. "నిమిషానికి ఎన్ని లీటర్ల నీరు? లాగ్ షీట్ ప్రకారం తెలుపగలరు." కొలిచేందుకు ఒక బకెట్, ఒక వాచీ చాలు. పది రోజులు రెండూ నా పక్కనే ఉన్నయి. షీట్ మీద నీళ్లకు గడి లేదు, నాకు బుద్ధి లేదు. "వివరాలు లేవు" అని రాసి పంపిన. లెక్క లేదని దరఖాస్తు కొట్టేసిండ్రు.

మనం దేన్ని వెతుక్కుంట పోతమో దాన్నే రాస్తం. రాయంది లేనట్టే లెక్క. ఇప్పుడు ఎక్కడ నీళ్లు పడ్డా కొలిచి రిమార్కుల గడిలో రాస్తున్న. ఆ గూడేనికి దానితో ఒరిగిందేం లేదు.

నిరుడు ఆ దారిన పోతే ముత్తమ్మ చెలిమె కాడ కనబడ్డది. గుర్తుపట్టింది. చెంబుతో నీళ్లిచ్చింది.

"తాగు సారూ. బొగ్గు తీసిండ్రా?"

"ఇంకా తియ్యలే, అవ్వా. కిందనే ఉంది."

"మరి నీళ్లెందుకు మూసిండ్రు?"

చెంబు నా చేతులనే ఉంది. అందుల నీళ్లు మళ్ల ఆమె బిందెల పోసిన.