బొంబాయికి కట్టిన రెండు మూటలు

మా తాత మొగిలి, ఆయన సోపతి సాయిలు కలిసి సముద్రం చూడ్డానికి బొంబాయి పోదామనుకున్నారు. నలభై ఎనిమిదో సంవత్సరం సంగతి. అప్పట్లో నిజాం ఇలాకా దాటితే పరాయి రాజ్యమే. అక్కడి రూపాయి వేరు, ఇక్కడి రూపాయి వేరు. గచ్చిబౌలి గుట్టల కింద రాళ్లు కొట్టుకు బతికే ముప్పై గుడిసెల వాడలో ఇలాకా దాటినవాడు ఒక్కడూ లేడు. దాటాల్సిన పని కూడా ఎవరికీ పడలేదు. ఆ మాటకొస్తే ఈ ఇద్దరికీ పనేం లేదు. ఊరికే చూసి రావాలనుకున్నారు, అంతే. వాడలో ఎవరికీ మింగుడు పడనిది ఆ "ఊరికే" అన్న మాటే.

ఈ సంగతి నాకు చెప్పింది అమ్మమ్మ భూలక్ష్మి, మొగిలి భార్య. తాత పోయాకే చెప్పింది. విన్నప్పుడు ఒళ్లు మండింది, ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతూనే ఉంది. అయినా ఉన్నదున్నట్టు రాస్తాను.

బండకు తూటు వెయ్యాలంటే ఇద్దరు కావాలి. ఒకడు ఉలి పట్టుకుని కూర్చోవాలి, ఒకడు నిలబడి సమ్మెటతో కొట్టాలి. సాయిలు ఉలి పట్టేవాడు, తాత కొట్టేవాడు. ఉలి పట్టినవాడు సమ్మెట వంక చూడకూడదు. చూస్తే చెయ్యి జంకుతుంది, జంకితే వేళ్లు పోతాయి. పదకొండేళ్ల పనిలో సాయిలు ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదట. అంత నమ్మకం. నమ్మేవాళ్లకేం, నమ్ముతారు.

బొంబాయి పిచ్చి ముందుగా పట్టింది సాయిలుకే. గుత్తేదారు దగ్గరుండే మేస్త్రీ ఒకడు అక్కడికి పోయి వచ్చి, సముద్రం ఒడ్డున ఏనుగులంత బండలుంటాయనీ, నీళ్లు పొద్దస్తమానం వాటిని కొడుతూనే ఉంటాయనీ చెప్పాడు. అంతే, మనిషి పనిలో నిలవలేదు.

"నీళ్లు కొడితె బండ ఎటు దిక్కు పలుగుతదిరా?" అని తాతను అడిగాడు.

"నాకేం ఎరుక. మనకెందుకుర ఆ ముచ్చట?"

"గదేందిరా! చిన్నప్పటి సంది బండలు కొడుతున్నం. మనకంటె ఎక్కువ కొట్టెటోడు ఒకడున్నడంటె పోయి సూడొద్దా?"

తాతకు ఆ మాట నచ్చింది. ఇగ ఏడాది పాటు ఇద్దరికీ అదే లోకం. లింగంపల్లిలో రైలెక్కాలి, వాడి జంక్షన్లో దిగి ఇంకో రైలు పట్టుకోవాలి, దారిలో సత్తుపిండి తినాలి, సముద్రం దగ్గర రెండు రోజులుండాలి. స్టేషన్లో పనిచేసే ఒకాయన్ని పట్టుకుని సాయిలు ఈ వివరాలన్నీ నోటికి నేర్చుకున్నాడు. సాయిలు భార్య నీలమ్మ నవ్వేది. "ఉప్పు నీళ్లె గద, కుండల కలిపిస్త, ఇంట్లనె కూసోని సూడున్రి" అనేది. సాయిలు కూడా నవ్వేవాడు కానీ మాట మాత్రం మార్చేవాడు కాదు.

కానీ అవి నవ్వులాటలకు తగిన రోజులు కావు. తుపాకుల గస్తీ ఊళ్ల మీద తిరుగుతోంది. సరిహద్దు అవతల, నిజాం సర్కారు మీద తిరగబడ్డవాళ్ల శిబిరాలున్నాయనీ, ఇటు నుంచి దాటేవాళ్లంతా అక్కడికే పోతున్నారనీ ఆ గస్తీవాళ్ల అనుమానం. అవతలి రూపాయి ఒంటి మీద దొరికితే చాలు, మనిషిని తీసుకుపోతున్నారు. జనం వాళ్ల పేరు కూడా ఎత్తకుండా "వాళ్లు" అనేవారు. తాత వచ్చే ఏడు పోదామన్నాడు. రైళ్లు నడుస్తున్నన్నాళ్లు పోవచ్చు, ఆగితే ఇంక పోలేమని సాయిలు పట్టుబట్టాడు.

ఉగాది అయ్యాక అయ్యగారిని ముహూర్తం అడిగారు. ఆయన గురువారం పొద్దున మంచిదన్నాడు, అది తప్పితే రెండు నెలల దాకా లేదన్నాడు. చేతిలో బావి పని ఇంకా తొమ్మిది రోజులుంది. అలాంటప్పుడు మనవాళ్లు చేసేదేమిటంటే, ముహూర్తానికి ప్రయాణం మూట కట్టి వేరేవాళ్ల ఇంట్లో పెడతారు. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. మూట గడప దాటిందంటే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా దోషం లేదు. అయితే ఆ మూట మళ్లీ సొంతింటికి రాకూడదు, దాన్ని ఎవరూ విప్పకూడదు. ఇద్దరూ గురువారం పొద్దున స్నానాలు చేసి మూటలు మార్చుకున్నారు. తాత మూట సాయిలు ఇంట్లో, సాయిలు మూట తాత ఇంట్లో. రెండు మూటల్లోనూ ధోవతి, అంగీ, సత్తుపిండి, కొంగున ముడేసిన అవతలి రూపాయలు.

ఆరో రోజు పొద్దున గస్తీ బండి వచ్చింది. ఆ రోజు బావిలో ఊట పడి పని ఆగింది. ఇద్దరూ ఇళ్ల దగ్గరే ఉన్నారు. గుట్ట మీద మేకలు కాసే ఐలయ్య దూరం నుంచి దుమ్ము చూసి, దిగువనున్న తాత గుడిసె ముందుకు పరుగెత్తుకొచ్చి చెప్పాడు. చెప్పి, తన మేకల కోసం మళ్లీ గుట్టెక్కాడు. తాత లేచి సాయిలు మూట అందుకున్నాడు.

"పస్తానం మూట, తియ్యొద్దు" అంది అమ్మమ్మ.

తాత వినలేదు. మూటకు రాయి కట్టి వెనకాల రాళ్లు తీసిన గుంతలో వేశాడు. గుంత నిండా నీళ్లు. మూట మునిగింది. ఇంతవరకు నేను తాతను తప్పు పట్టను. ప్రాణం మీదికొస్తే ఎవరైనా అదే చేస్తారు.

"ఇగ ఉరుకు, సాయిలన్నకు చెప్పు" అంది అమ్మమ్మ.

సాయిలు గుడిసె నలభై అడుగులు. బండి ఇంకా గుట్ట మలుపు తిరగలేదు. తాత బయటికి నడిచాడు. పది అడుగులు వేశాడు. అక్కడ కొట్టిన రాళ్ల కుప్ప ఉంటే దాని వెనక కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. పిల్లనెత్తుకుని గుమ్మంలో నిలబడ్డ అమ్మమ్మ ఇదంతా చూసింది. నువ్వెందుకు పరుగెత్తలేదని నేనడిగాను. "నాకు కాళ్లు రాలే బిడ్డా" అంది. ఇద్దరికీ ఒకేసారి కాళ్లు రాకుండా పోయాయి మరి!

స్టేషన్లో దారి అడిగి తిరిగింది సాయిలే కాబట్టి కాబోలు, బండి తిన్నగా అతని గుడిసె ముందే ఆగింది. మూట గూట్లో ఎదురుగానే ఉంది. బయటికి తెచ్చి పడేశారు.

"ఎవనిదిర ఇది?"

"నాదె దొరా" అన్నాడు సాయిలు.

"ఏమున్నదండ్ల?"

"ఇప్పొద్దు దొరా. పస్తానం పెట్టిన మూట. ఇప్పితె బాట సెడుతది."

వాళ్లు విప్పారు. రూపాయలు మట్టిలో పడ్డాయి.

"ఏడికి పోతున్నవ్?"

"బొంబాయి."

"ఎవల తాన్కి?"

"ఎవల తాన్కి లేదు. సముద్రం సూడనీకి. నీళ్లు బండల్ని ఎట్ల కొడతయో సూసి మల్లొస్త."

వాళ్లకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. సరిగ్గా చెప్పమని కొట్టారు. సాయిలు అదే చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా సముద్రమనే అన్నాడు. ఏదన్నా అబద్ధం చెప్పి ఉంటే, పెళ్లికనో చావుకనో, బతికిపోయేవాడేమో. వెంట ఎవరొస్తున్నారని అడిగారు.

"ఎవ్వలు లేరు. నేనొక్కన్నె."

ఆ మాట రాళ్ల కుప్ప దాకా వినబడింది. సాయిలు కుడిచేతిని బండ మీద పెట్టించి అతని సమ్మెటతోనే కొట్టారు. తర్వాత బండిలో పడేసుకుని పోయారు. నీలమ్మ బండి వెంట మలుపు దాకా పరుగెత్తింది.

బండి పోయాక తాత వచ్చాడు. పొద్దున్నే పట్నం పోయి అప్పుడే తిరిగొచ్చినవాడిలా, ఏమైంది, ఏమైందని అడుగుతూ వచ్చాడు. ఆ నటన ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలియదు. ఆ తర్వాత ఐదు నెలలు నీలమ్మ ఇంటికి జొన్నలు మోశాడు, కట్టెలు కొట్టిపెట్టాడు, గుడిసె కప్పాడు. వాడంతా మెచ్చుకుంది. సమ్మెట మాత్రం మళ్లీ పట్టలేదు. పనిలో ఉలి తనే పట్టుకునేవాడు.

సెప్టెంబర్లో యూనియన్ సైన్యం వచ్చింది. జైళ్లు తెరిచారు. దసరా దాటాక సాయిలు నడుచుకుంటూ ఇల్లు చేరాడు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవు. ఛాతీలో దగ్గు. తాతను చూడగానే ఎడమచేత్తో మెడ చుట్టుకున్నాడు.

"ఆ దినం నువ్వు పట్నం పోయినవని నీలమ్మ చెప్పింది. ఊళ్లె లేకుండుడే మంచిగైంది. ఉంటె ఉరికొద్దువు. ఇద్దరం పోదుము."

"అవ్. పట్నం పోయిన" అన్నాడు తాత.

"లోపట పండుకున్నప్పుడు గదే అనుకునెటోన్ని. నా సోపతి బయట ఉన్నడు, నీలమ్మకు ఫికర్ లేదు అని. నా మూట గూడ వాళ్లె పట్టుకపోయిండ్రా?"

తాత తలూపాడు.

సాయిలు పని చెయ్యలేడు. వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు ఈ కథే చెప్పేవాడు. చెప్పి చెప్పి, ఊళ్లో ఉంటే మొగిలి తన కోసం ప్రాణమిచ్చేవాడని ముగించేవాడు. తాత పక్కనే కూర్చుని వినాలి. చలికాలం రాగానే సాయిలు మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు పరాయి రాజ్యం కూడా కాదు, అడ్డం ఎవరూ లేరు, పోదాం పద అని. తాత పని ఉందన్నాడు. తర్వాత పిల్లకు ఒంట్లో బాగాలేదన్నాడు. ఎండలన్నాడు, వానలన్నాడు. అసలు సంగతి అమ్మమ్మకు తెలుసు. రెండు రోజులు రైల్లో ఆ మనిషి పక్కన కూర్చోవాలి. తాత వల్ల కాదు. "పైసలు గాదు, పని గాదు. ఆయన మొఖం సూడలేకనె పోలె" అంది అమ్మమ్మ. నెలలు అలాగే గడిచాయి. తాత మీద నా కోపమంతా ఇక్కడే ఉంది. రాళ్ల కుప్ప వెనక కూర్చున్నందుకు కాదు.

నలభై తొమ్మిది వానల్లో సాయిలుకు నెత్తురు పడడం మొదలైంది. దవాఖానకు పోనన్నాడు. పోయే ఘడియ దగ్గరికొచ్చిందని చుట్టాలంతా చేరారు. తాత నాలుగు రోజులు తిండి మానేసి మంచం దగ్గరే ఉన్నాడు. ఐదో రోజు మధ్యాహ్నం, గుడిసె నిండా జనం ఉండగా లేచి నిలబడ్డాడు.

"సాయిలూ, నేను పట్నం పోలేదురా. ఊళ్లనె ఉన్న. ఐలయ్య ముందుగాల నాకె చెప్పిండు. నీ మూట గుంతల నేనె పారేశిన. నీకు చెప్పనీకి రాలె. నిన్ను కొడుతుంటె రాళ్ల కుప్ప ఎనుక కూసున్న."

 ఆ సంగతి ఎవరితోనూ అనకుండానే ఐలయ్య కిందటి చలికాలం చనిపోయాడు, అవునని చెప్పేవాడు లేడు. సాయిలు నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు.

"సూశిండ్రా నా సోపతిని? నా బాధ తన మీదేసుకుంటుండు. నా పానం అల్కగ కావాల్నని."

ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. "ఎంత మంచిమనిషి" అన్నారెవరో. తాత గట్టిగా అరిచాడు, నిజమే చెబుతున్నానని. ఒకాయన భుజం పట్టి కూర్చోబెట్టబోయాడు. తాత అమ్మమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. నువ్వు సూశినవ్ గద."

అందరూ అమ్మమ్మ వైపు చూశారు. నీలమ్మ కూడా చూసింది.

"నాలుగు దినాలాయె మెతుకు ముట్టక" అంది అమ్మమ్మ. "ఏం మాట్లాడుతున్నడో ఈయనకె తెలుస్తలేదు."

అలా ఎందుకన్నావని నేనడిగాను. అంతమంది ముందు మొగుణ్ణి వదిలిపెట్టడానికి మనసొప్పలేదని అంది. సాయిలు ముఖం చూశాక ఆ నిజం ఆయనకివ్వడానికి కూడా మనసు రాలేదంది. ఆ రెంటిలో ఏది ఎక్కువో నాకు తెలియదు. ఆమెకూ తెలిసినట్టు లేదు.

మర్నాడు పొద్దున సాయిలు ప్రాణం పోయింది. పాడె కట్టాక ముందు కొయ్య ఎవరు పట్టాలనే మాటే రాలేదు, సొంత తమ్ముణ్ణి కూడా పక్కకు జరగమన్నారు. తాత తనకొద్దన్నాడు. తనకు ఆ హక్కు లేదని ఏడ్చాడు. పాపం, దుఃఖంలో అంటున్నాడని ఇద్దరు మనుషులు ఆయన రెక్కలు పట్టి తీసుకొచ్చి పాడె కింద నిలబెట్టారు.